వచన నిర్మాణ బోధన – ఒక నైతిక విచారణ: నెల్లూరు తీరప్రాంత సాక్ష్యం

ఉపోద్ఘాతం

కథను కథగా గుర్తించడం పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. ‘అనగనగా’ అన్న మాట చెవిన పడగానే తర్వాత ఏమైందన్న ఆసక్తి దానంతటదే మేల్కొంటుంది. కథేతర వచనం విషయంలో అట్లా జరగదు. వ్యాసం, నివేదిక, ప్రకటన, హెచ్చరిక, కరపత్రం, తీర్పు వంటి రచనల్లో ఏ అంశం తర్వాత ఏ అంశం వస్తుందో, ఎందుకు వస్తుందో చదవడం నేర్చుకుంటేనే తెలుస్తుంది. వాస్తవంపై ఆధారపడి, ఒక విషయాన్ని తెలియజేయడానికో, నమ్మించడానికో, ఒక పని చేయించడానికో రాసిన రచనలన్నింటినీ ఈ వ్యాసం కథేతర వచనం అనే పేరుతో వ్యవహరిస్తుంది.

పాఠశాల తెలుగు వాచకాల్లో పాఠానికి ముందే దాని ప్రక్రియ పేరు చెప్పడం పరిపాటి. ఇది వ్యాసం, ఇది లేఖ, ఇది పీఠిక అని విద్యార్థికి ముందే తెలిసిపోతుంది. ప్రక్రియ పేరు తెలిసినంత మాత్రాన ఆ రచన లోపలి అమరిక తెలిసినట్టు కాదు. ఆ అమరికను గుర్తించడం కేవలం పరీక్షకు పనికివచ్చే నైపుణ్యమా, లేక అందులో న్యాయాన్యాయాలకు సంబంధించిన అంశం కూడా ఉన్నదా అన్నది ఇక్కడి ప్రశ్న. నిర్మాణాన్ని గుర్తించడం నేర్పి, ఆ నిర్మాణం రచయిత చేసిన ఎంపిక అని నేర్పకపోతే ఆ బోధన సగంలో ఆగినట్టేనని, ఆ సగం బోధన విద్యార్థిని విధేయుడిగా మాత్రమే తయారు చేస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అందుకు నెల్లూరు తీరప్రాంతంలోని రొయ్యల సాగును, తుపాను హెచ్చరికలను, అదే జిల్లాలోని దూబగుంట అనుభవాన్ని సాక్ష్యంగా గ్రహిస్తుంది.

ఐదు చట్రాలు

వచన నిర్మాణ బోధనకు ఆధునిక కాలంలో పునాది వేసినవారిలో బోనీ మేయర్ ముఖ్యురాలు. వచనంలోని అమరికకూ పాఠకుడి జ్ఞాపకశక్తికీ గల సంబంధాన్ని ఆమె 1975లో ప్రచురించిన గ్రంథంలో పరిశీలించింది. 1980లో మేయర్, బ్రాంట్, బ్లూత్‌లు తొమ్మిదో తరగతి విద్యార్థులపై ఒక అధ్యయనం ప్రచురించారు. రచయిత వాడిన ప్రధాన నిర్మాణాన్ని పట్టుకొని చదివిన విద్యార్థులు తక్కినవారికంటే ఎక్కువ విషయాన్ని గుర్తు చేసుకోగలిగారని అది చూపింది. ఈ పరిశోధనల ఆధారంగా వర్ణన, క్రమం, పోలిక, కార్యకారణం, సమస్య–పరిష్కారం అనే ఐదు నిర్మాణాలు తరగతి గదుల్లో స్థిరపడ్డాయి.

ఈ విభజన ఉపయోగాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. ఇంట్లో పుస్తకాలు లేని విద్యార్థికి, వచనం అంటే వాక్యాల రాశి మాత్రమే అనిపించే విద్యార్థికి ఈ ఐదు పేర్లు గట్టి ఆసరా. చిక్కు మరొకచోట ఉంది. ఈ అధ్యయనాలు ప్రధానంగా కొలిచింది జ్ఞాపకాన్ని. రచయిత చెప్పినదాన్ని రచయిత చెప్పిన క్రమంలో ఎంత నిలుపుకున్నాడన్నది అక్కడి కొలమానం. విషయాన్ని ఆ క్రమంలోనే ఎందుకు చెప్పవలసి వచ్చిందన్న ప్రశ్న ఆ కొలమానంలోకి రాదు.

తెలుగు వాక్యంలోని చిక్కు

ఆంగ్ల బోధనలో నిర్మాణాన్ని గుర్తించడానికి సూచక పదాలను చూపుతారు. ‘ఎందుకంటే’ అన్న అర్థం గల పదం కనిపిస్తే కార్యకారణం, ‘తర్వాత’ అన్న అర్థం గల పదం కనిపిస్తే క్రమం. ఈ పద్ధతిని యథాతథంగా తెలుగులోకి తెచ్చుకుంటే ఫలితం దక్కదు. తెలుగు వాక్యం సంబంధాలను విడి పదాలతో కంటే క్రియారూపాలతో ఎక్కువగా చెబుతుంది. క్త్వార్థక క్రియ ఇందుకు మంచి ఉదాహరణ. ‘స్నానం చేసి బడికి వెళ్ళాడు’ అన్నప్పుడు అది కేవలం క్రమం. ‘వాన పడి చేను మునిగింది’ అన్నప్పుడు అదే రూపం కారణాన్ని చెబుతుంది. రెంటికీ రూపంలో భేదం లేదు.

ఈ వ్యాకరణ విశేషం తీరప్రాంతంలో న్యాయవివాదమై కూర్చుంటుంది. ‘రొయ్యల గుంటలు వచ్చి ఊరి బావులు ఉప్పనయ్యాయి’ అన్న వాక్యాన్ని తీసుకుంటే, బావి నీళ్ళు తాగే మనిషి దాన్ని కారణంగా చెబుతాడు. గుంటల యజమాని దాన్ని క్రమంగా మాత్రమే ఒప్పుకుంటాడు. గుంటలు ముందు వచ్చిన మాట నిజమే, బావులు తర్వాత ఉప్పనైన మాటా నిజమే, కాని దానివల్లనే ఇది జరిగిందని ఎట్లా చెప్పగలరని అడుగుతాడు. ఒకే వాక్యం ఇద్దరి నోట రెండు నిర్మాణాలవుతుంది. కర్మణి ప్రయోగం దీనికి తోడైతే కర్త పూర్తిగా కనుమరుగవుతాడు. ‘నీరు కాలువలోకి వదలబడినది’ అన్న వాక్యంలో వదిలినవాడు లేడు. ‘వచ్చి’, ‘బడి’ అన్న రెండు చిన్న రూపాల దగ్గర ఆగి ఆలోచించే అలవాటు లేని పాఠకుడికి సూచక పదాల పట్టిక ఎంత పెద్దదైనా ప్రయోజనం తక్కువ.

ఒకే గుంట, ఐదు రచనలు

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలు వరి పండే నేలకూ సముద్రానికీ మధ్య ఉన్నవి. ఇక్కడి విద్యార్థికి రొయ్యల గుంట పరిచయమైన దృశ్యం. ఆ గుంట గురించే ఐదు నిర్మాణాల్లో ఐదు రచనలు చేయవచ్చు.

వర్ణనలో గుంట విస్తీర్ణం, లోతు, నీటిలోని ఉప్పదనం, గట్ల తీరు వస్తాయి. క్రమంలో గుంట ఎండగట్టడం, సున్నం చల్లడం, నీరు పెట్టడం, సీడు వదలడం, మేత వేయడం, ఏరేటర్లు తిప్పడం, చివరకు పట్టుబడి వస్తాయి. పోలికలో వరి ఎకరం ఒకవైపు, రొయ్యల ఎకరం మరొకవైపు నిలబడి పెట్టుబడి, రాబడి చూపిస్తాయి. కార్యకారణంలో ఉప్పునీటి ఊట పక్క పొలానికీ బావికీ చేరిన వైనం వస్తుంది. సమస్య–పరిష్కారంలో 1990వ దశకం మధ్యలో టైగర్ రొయ్యను దెబ్బతీసిన తెల్లమచ్చల వ్యాధి సమస్యగా, 2009 నుంచి అనుమతి పొందిన వెనామీ రొయ్య పరిష్కారంగా నిలుస్తాయి.

ఈ ఐదింటిలో ఏదీ అబద్ధం కాదు. ప్రతి వాక్యాన్నీ సరిచూసుకోవచ్చు. అయినా ఏ రెండూ ఒకే మాట చెప్పవు. క్రమాన్ని చెప్పే రచన పట్టుబడితో ముగుస్తుంది. పట్టుబడి తర్వాత గుంటలోని నీరు ఎక్కడికి పోయిందో చెప్పవలసిన అవసరం ఆ నిర్మాణానికి లేదు. పోలికను చెప్పే రచనలో రాబడికి గడి ఉంటుంది కాని నాట్లు వేసి, కలుపు తీసి కూలి తెచ్చుకునే స్త్రీ కోల్పోయిన పనిదినాలకు గడి ఉండకపోవచ్చు. సమస్య–పరిష్కారంలో సమస్య ఎవరిదన్నది మొదటి వాక్యంలోనే తేలిపోతుంది. వ్యాధి సమస్య అయినప్పుడు బావి సమస్య కాదు. కార్యకారణంలో సైతం ఇట్లాంటి లోటు ఉండగలదు. అప్పు తెచ్చి రెండెకరాల గుంట వేసి వ్యాధితో నష్టపోయిన చిన్న రైతు అందులో కేవలం కారణంగా మిగులుతాడు, మనిషిగా కనిపించడు.

ఈ భేదం తరగతి గది దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పొరుగున ఉన్న తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 11న న్యాయస్థానం తీర్పు చెప్పింది. 1991 నాటి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటన ఆధారంగా, సంప్రదాయ పద్ధతులు మినహా ఆ పరిధిలో రొయ్యల చెరువులు ఉండరాదని ఆదేశించింది. అందుకు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ తీరప్రాంతాలను పరిశీలించి ఇచ్చిన నివేదికలను పరిగణించింది. క్రమం కారణమని నిరూపించడానికి ఎంత శ్రమ కావాలో ఆ వ్యాజ్యం చూపింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసాగు ప్రాధికార సంస్థ చట్టం చేసి, నమోదుతో, నియంత్రణతో ఈ సాగుకు చట్టంలో చోటు కల్పించింది. అదే గుంట ఒక పత్రంలో హాని, మరొక పత్రంలో క్రమబద్ధం చేయవలసిన వృత్తి. ఈ రెండు పత్రాల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి చదవగలగడం ఆ మండలాల విద్యార్థికి అలంకారప్రాయమైన విద్య కాదు.

నమ్మవలసిన వచనం

నిర్మాణం ఎంపిక అని నేర్పితే ప్రతి వచనాన్నీ అనుమానించే పాఠకుడు తయారవుతాడన్న భయం సహజం. ఈ భయానికి సమాధానం కూడా తీరం నుంచే దొరుకుతుంది. 1989 నవంబరులో థాయిలాండ్ సింధుశాఖలో పుట్టిన ‘గే’ తుపాను బంగాళాఖాతం దాటివచ్చి కావలి సమీపంలో తీరం దాటింది. అటువంటి తీరంలో తుపాను హెచ్చరికను అనుమానిస్తూ కూర్చోవడం ప్రాణాంతకం.

భారత వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశల్లో ఇస్తుంది. ముందస్తు నిఘా, తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు ఆపై పరిస్థితి అంచనా అన్నవి ఆ దశలు. ఒక్కొక్క ప్రకటనలో తుపాను ఉన్న చోటు వర్ణన, అది కదిలే దారి క్రమం, రాగల నష్టం కార్యకారణం, చేయవలసిన పని పరిష్కారం. అంటే ఒక పుటలోనే నాలుగు నిర్మాణాలు కలిసి ఉన్నాయి. వాటిని కలిపే ‘అందువల్ల’, ‘కాబట్టి’ వంటి పదాలు అందులో దాదాపు కనిపించవు. సూచక పదాలను వెతికే విద్యార్థికి ఇందులో పట్టు చిక్కదు. వేటకు పోవలసిన మత్స్యకారుడికి కావలసిందల్లా చేయవలసిన పనిని చెప్పే భాగం. అతడు దాన్ని ముందు చూసి, తర్వాత తక్కిన భాగానికి వస్తే అది తప్పు చదువు కాదు. ఆ వచనం తననుంచి ఏమి కోరుతున్నదో తెలిసిన చదువు.

ఈ ప్రకటన నమ్మదగినది కావడానికి కారణం అది ప్రభుత్వ పత్రం కావడం మాత్రమే కాదు. తన అంచనాకు గల హద్దును అది తానే చెబుతుంది. గడువు దగ్గరపడుతున్న కొద్దీ తనను తాను సవరించుకుంటుంది. తప్పు తేలే అవకాశాన్ని నిర్మాణంలోనే ఉంచుకున్న వచనం ఇది. రాబడిని మాత్రమే చూపే పోలికలో ఆ అవకాశం లేదు. కనుక నిర్మాణ బోధన అనుమానాన్ని నేర్పదు. దేన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకునే వివేకాన్ని నేర్పుతుంది.

దూబగుంట పాఠం

తీరం నుంచి లోపలికి, మెట్ట ప్రాంతానికి వెళితే ఇదే జిల్లాలో దూబగుంట ఉంది. 1990వ దశకం తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లాలో సాగిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో వయోజనులు చదివిన వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉంది. గ్రామ స్త్రీలు ఒక్కటై సారా దుకాణాన్ని మూయించడం ఆ పాఠంలోని విషయం. ఆ చదువు దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమానికి ప్రేరణ అయిందన్నది ప్రసిద్ధ విషయం. ఆ ఉద్యమానికి దూబగుంట రోశమ్మ ప్రతీకగా నిలిచింది.

ఈ సంఘటనను సాహిత్య ప్రభావానికి ఉదాహరణగా చెప్పడం వాడుక. నిర్మాణ దృష్టితో చూస్తే అందులో మరొక విశేషం ఉంది. ఆ పాఠం బయటి రూపంలో కథ, కథేతర వచనం కాదు. ఒక స్త్రీకి ఏమి జరిగింది, తర్వాత ఏమైంది అన్నది దాని నడక. పాఠకులైన స్త్రీలు దాన్ని సమస్య–పరిష్కార వచనంగా చదివారు. ‘తాగి వచ్చి కొట్టాడు’ అన్న తరహా వాక్యం ఏ ఇంట్లో విన్నా అందులో క్రమం ఎంతో, కారణం ఎంతో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. సీతమ్మ వాస్తవ వ్యక్తి కాదన్న సంగతి ఆ చదువుకు అడ్డం రాలేదు. వాచకం చివరి వాక్యంతో పరిష్కారం పూర్తి కాలేదని, అది తమ వీధిలో పూర్తి కావలసి ఉందని వారు గ్రహించారు.

ఇందులోని వైరుధ్యం గమనించదగినది. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ అక్షరాలు నేర్పుతుంటే మరొక శాఖ సారా దుకాణాలను వేలం వేసి ఆదాయం పొందుతున్నది. వేలం ప్రకటన కూడా కథేతర వచనమే. అటువంటి పత్రానికి కావలసినవి దుకాణాలు, తేదీ, షరతులు మాత్రమే. పాడుకునేవారికి అందులో చోటు ఉంటుంది, తాగివచ్చినవాడి భార్యకు ఉండదు. 1992లో నెల్లూరులో స్త్రీలు వేలంపాటలను అడ్డుకున్నారు. వేలం పలుమార్లు వాయిదా పడింది. ప్రకటనలో తమకు లేని చోటును వారు వేలం జరిగే స్థలంలో స్వయంగా తీసుకున్నారని చెప్పవచ్చు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది.

ఈ చివరి సంవత్సరాన్ని దాచి దూబగుంటను విజయగాథగా చెప్పడం సరికాదు. చదవగలగడం గెలుపుకు హామీ ఇవ్వదు. కాని చదువు ఏమి చేయగలదో అది చూపింది. తమకోసం ఎవరో రాసిన వచనంలోని నిర్మాణాన్ని గ్రహించి, తమను పట్టించుకోని మరొక వచనంపై దాన్ని ప్రయోగించవచ్చునని ఆ స్త్రీలు చూపారు. ఏ అభ్యాస పత్రమూ ఈ పనిని ప్రశ్నగా ఇవ్వలేదు.

ఉత్తరానికి చోటు

ఐదు నిర్మాణాల పట్టికలో లోపించినది ఏమిటో ఇప్పుడు చెప్పవచ్చు. అందులో ఎదుటివారి మాటకు నియతమైన స్థానం లేదు. పోలికలో రెండు పక్షాలు ఉన్నట్టు కనిపించినా రెంటినీ మాట్లాడించేది ఒకే రచయిత.

భారతీయ శాస్త్ర వచనం ఈ స్థానాన్ని నిర్మాణంలోనే నిలిపింది. మీమాంసలో అధికరణానికి విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి అనే అంగాలు చెబుతారు. పూర్వపక్షం లేనిదే సిద్ధాంతం లేదు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యవహారానికి నాలుగు పాదాలు చెప్పింది. ఫిర్యాదు భాషాపాదం, ప్రతివాది మాట ఉత్తరపాదం, రుజువు క్రియాపాదం, నిర్ణయం సాధ్యసిద్ధిపాదం. ఆ మితాక్షరను 13వ శతాబ్దిలో ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు చేసిన కేతన, నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానంలోని తిక్కనకు తన ‘దశకుమార చరిత్ర’ను అంకితమిచ్చిన కవి. తెలుగులో కథేతర రచన పద్యంలోనే ధర్మశాస్త్రంగా, వ్యాకరణంగా వెలసిందనడానికి ఆయన ‘విజ్ఞానేశ్వరీయం’, ‘ఆంధ్రభాషాభూషణం’ నిదర్శనాలు. నిర్మాణ బోధన తెలుగు శాఖలకు కొత్తగా దిగుమతి అయిన విషయం కాదని ఇందువల్ల స్పష్టమవుతుంది.

అయితే సంప్రదాయాన్ని గుడ్డిగా కీర్తించడం ఈ వాదానికే విరుద్ధం. ధర్మశాస్త్రంలో ఉత్తరానికి పాదం ఉన్నా, అందరి నోటికీ సమానమైన విలువ లేదు. సాక్షుల అర్హతలో వర్ణ, లింగ భేదాలు ఉన్నాయి. కుర్చీ వేసి ఉంచినంత మాత్రాన అందులో అందరినీ కూర్చోనిచ్చినట్టు కాదు. దూబగుంట స్త్రీలు కూర్చున్నది ఆ కుర్చీలోనే అని చెప్పుకోవచ్చు. సంప్రదాయం నుంచి గ్రహించవలసింది ఆ స్థానాన్ని, ఆ స్థానానికి పెట్టిన ఆంక్షలను కాదు.

ఒక ఆక్షేపం

పన్నెండేళ్ళ పిల్లలకు ఇంత భారం ఎందుకు, ముందు నిర్మాణాన్ని గుర్తించడం నేర్పితే విమర్శ పై తరగతుల్లో వస్తుంది కదా అన్న ఆక్షేపం ఉంది. ఇందులో సత్యం లేకపోలేదు. రూపం తెలియనిదే విమర్శకు ఆధారం దొరకదు. కాని పై తరగతులకు చేరని పిల్లల మాట ఈ ఆక్షేపం ఆలోచించదు. పదో తరగతితో చదువు ఆపి వేటకో, గుంటల కాపలాకో, కూలికో పోయేవారికి విమర్శ అనే రెండో భాగం ఎన్నటికీ అందదు. వారి చేతికి రాబోయేవి అప్పు పత్రాలు, భూసేకరణ ప్రకటనలు, కౌలు ఒప్పందాలు. వాటిలోని నిర్మాణాన్ని గుర్తించి ఊరుకోవడం మాత్రమే నేర్చినవాడు సంతకం ఎక్కడ పెట్టాలో త్వరగా తెలుసుకుంటాడు, అంతే.

విమర్శ నేర్పడానికి కష్టమైన పరిభాష అవసరం లేదు. నిర్మాణాన్ని గుర్తించిన తర్వాత ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ఇదే విషయాన్ని ఇంకొక విధంగా ఎట్లా చెప్పవచ్చు? ఇందులో ఎవరు మాట్లాడలేదు? ఇది చదివినవారు ఏమి చేయాలని రాసినవారు కోరుతున్నారు? మొదటి ప్రశ్న నిర్మాణం ఎంపిక అని చెబుతుంది. రెండోది ఉత్తరపాదాన్ని వెతుకుతుంది. మూడోది నమ్మకానికి తగిన కొలత ఇస్తుంది. గుంట గురించి ఐదు రచనలు ఐదు జట్లకు ఇచ్చి, ఒక జట్టు రాసినదాన్ని మరొక జట్టు చేత చదివించగల ఏ ఉపాధ్యాయుడికైనా ఇది సాధ్యమే.

ఈ పద్ధతికి ఉపాధ్యాయుడు చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉంది. పిల్లలు ఈ మూడు ప్రశ్నలను పాఠ్యపుస్తకంపైనా వేస్తారు, ఉపాధ్యాయుడు రాసి ఇచ్చిన నోట్సుపైనా వేస్తారు. అందుకు సిద్ధపడనివాడు నిర్మాణ బోధనను ఐదు గడుల పట్టిక దగ్గరే ఆపుతాడు. ఆపడానికి సమయం లేదన్న కారణం చెప్పినా, అసలు కారణం చాలాసార్లు అది కాకపోవచ్చు.

ముగింపు

వచన నిర్మాణం వాస్తవంలో ఉండి రచయిత చూసి రాసుకున్నది కాదు. వాస్తవంలోంచి రచయిత ఏరుకొని నిలబెట్టినది. ఏరుకోవడంలో కొన్ని మిగిలిపోతాయి. పట్టుబడి తర్వాతి నీరు, కూలి స్త్రీ పనిదినం, సారా వేలం ప్రకటనలో లేని భార్య, ఆ మిగిలిపోయినవాటిలోనివే. నిర్మాణాన్ని గుర్తించే విద్య వాటి దాకా వెళ్ళినప్పుడే పూర్తవుతుంది. అక్కడి దాకా తీసుకువెళ్ళడం తెలుగు ఉపాధ్యాయుడి నైపుణ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. తన ముందు కూర్చున్న విద్యార్థిని అతడు చెప్పింది గుర్తుపెట్టుకునే వాడిగా చూస్తున్నాడా, రేపు బదులు చెప్పవలసిన వాడిగా చూస్తున్నాడా అన్న ప్రశ్నకు అతడు ఇచ్చే సమాధానం కూడా.